బతికున్న వెర్డెల్‌కు నీళ్లొదిలారు

వెర్డెల్ పెట్‌వే అమెరికాలో ఓ కాలేజీ వంటింట్లో ఇరవై ఆరేళ్లు గరిటె తిప్పింది. కొల్లార్డ్ ఆకుకూర ఏడుసార్లు కడిగితే గానీ పొయ్యి ఎక్కనిచ్చేది కాదు. ఇంటి మీద బెంగతో తిండి మానేసిన పిల్లల్ని తిట్టి మరీ తినిపించేది. అలాంటి మనిషిని, క్రిస్మస్ సెలవుల్లో వంటిల్లు చేజిక్కించుకున్న కొత్త కంపెనీ వద్దు పొమ్మంది. డీన్ దగ్గరకెళ్లి మొత్తుకుంటే, "పిల్లలు అడిగితే చూద్దాంలే, మిస్ వెర్డెల్" అంది ఆ మహాతల్లి.

పిల్లలు అడక్కేం! నల్లజాతి విద్యార్థి సంఘం అధ్యక్షుడు టేవియన్ లాకెట్ మొదటి ఏడాది జ్వరంతో పడుంటే, గదికి సూప్ మోసుకెళ్లి తాగించింది ఆమే కదా. అందుకే ఫిబ్రవరిలో నల్లవారి చరిత్ర మాసం మొదలైన రోజున, ఈస్టర్‌కు పెట్టుకునే ఊదారంగు టోపీ పెట్టుకుని కొండంత ఆశతో కాలేజీలో సభకు వచ్చింది. హాలు గుమ్మంలో ఉచిత ఆరోగ్య పరీక్షల బల్ల దగ్గరి అమ్మాయి చేతికి పట్టీ చుట్టి చూసింది. "బీపీ బాగా ఎక్కువుందండీ. మనసులో దిగులు పెట్టుకోకండి" అంటూ ఓ టీ పొట్లం ఇచ్చింది.

వెర్డెల్ చివరి వరసలో కూర్చుంది. ముందుగా, ఎప్పటిలాగే, వేదిక మీది మొక్కకు నీళ్లు పోస్తూ పోయిన పెద్దల పేర్లు పిలిచారు. ఒక్కో పేరుకూ హాలంతా, తథాస్తు అన్నట్టు, "ఆషే" అంటోంది. కూజా టేవియన్ చేతిలో ఉంది.

"మన కడుపు నింపిన మిస్ వెర్డెల్!"

"ఆషే!"

తెర మీద ఆమె ఫోటో వెలిగింది. ముందు వరసలో ఒకమ్మాయి వెక్కివెక్కి ఏడ్చింది.

వెర్డెల్ దిగ్గున లేచింది. "ఒరేయ్, నేనిక్కడే ఏడిచాన్రా!"

ఎవరో కిసుక్కుమన్నారు. ఆ వెంటనే హాలంతా ఘొల్లుమంది. టేవియన్ పరిగెత్తుకొచ్చాడు, మొహంలో నెత్తురుచుక్క లేదు.

"వంటింట్లో కనబళ్లేదు కదండీ... పోయారనుకున్నాం."

"ఎవర్నయినా అడిగావా నాన్నా?"

"లేదండీ."

"మా చర్చి రెండు వీధుల అవతలేగా? అక్కడన్నా?"

ఇంతలో డీన్ నవ్వుకుంటూ వచ్చింది. వెర్డెల్ సిగ్గు చంపుకుని ఆమె చెయ్యి పట్టుకుంది. "నా ఉద్యోగం సంగతేం చేశారమ్మా?"

"పిల్లలు ఉద్యోగం అడగలేదే! మీ జ్ఞాపకార్థం వంటింటి గోడకు ఇత్తడి పలక అడిగారు. అది మంజూరైపోయింది కూడా. ఇప్పుడు దాని ముందే అందరం ఫోటో దిగాలి, అందులో మీరు కనబడితే బాగోదు. కాసేపు బయట కూర్చుంటారా?"

వెర్డెల్ టేవియన్ వైపు చూసింది. ఒక్క మాట, ఒక్కటంటే ఒక్క మాట అంటాడేమోనని చూసింది. వాడు వేదికెక్కి కూజా అందుకున్నాడు.

"ఇంకెవరైనా పేర్లు పిలవాలా?"

వెర్డెల్ టోపీ సర్దుకుని గొంతెత్తింది. నలభై ఏళ్లు చర్చిలో పాడిన గొంతు ఆమెది, మైకు అక్కర్లేదు.

"నా బిడ్డ, టేవియన్ లాకెట్!"

కూజాలోంచి ధార పడుతూనే ఉంది. "ఆషే!" అంది హాలంతా, అలవాటు కొద్దీ.