నాలుగో కూడిక

తడి పలక వాసన తగిలితే చాలు, ఇప్పటికీ ముఖం పక్కకు తిప్పుకుంటాను. మా శ్రీరాంపూర్ క్వార్టర్లలో పొద్దున్నే లేచే బొగ్గుల పొయ్యి పొగ, బతుకమ్మ నాళ్ళలో ఇల్లంతా పరిచిన తంగేడు పూల పచ్చి వాసన, మలీద ముద్దల కోసం అవ్వ రొట్టెల్లో కలిపి దంచే బెల్లం, ఉమ్మితో తుడిచి మళ్ళీ రాసే మా పలకలు, అన్నీ ఆ ఒక్క వాసనలోనే ఉన్నాయి.

లెక్కల సారు మాకో ఆట నేర్పాడు. ఒక సంఖ్య రాసి, దాన్ని తిరగేసి రాసి, రెండూ కూడాలి. వచ్చినదాన్ని మళ్ళీ తిరగేసి కూడాలి. ఎటు నుంచి చదివినా ఒకేలా ఉండే సంఖ్య వస్తే గెలిచినట్టు.

సద్దుల బతుకమ్మ నాటి మధ్యాహ్నం బాయి సైరన్ ఆగకుండా మోగింది. అమ్మను అవ్వ, నాన్నను బాపు అన్నట్టే బొగ్గు గనిని మేం బాయి అంటాం. లోపల కప్పు కూలిందన్నారు. మా బాపు, పక్కింటి రాజి వాళ్ళ బాపు ఒకే జట్టు. అవ్వలిద్దరూ పూలు ఎక్కడివక్కడ వదిలేసి అటు పరుగెత్తారు. రాజి వెక్కివెక్కి ఏడుస్తుంటే నా నోరు ఊరుకుందా! గనిలోకి దిగేవాళ్ళకు ఇత్తడి బిళ్ళలుండేవి, వాటి మీద నంబర్లు.

"మీ బాపు బిళ్ళ నంబరు రాయే. ఆట గెలిస్తే బాపు బయటికి వస్తడు" అన్నాను.

రాజిది 87. 165, 726, 1353, నాలుగో కూడికకే 4884! "వచ్చిందే!" అని గంతేసి, కళ్ళు తుడుచుకొని, పూలు పేర్చడానికి కూర్చుంది. నాది 89. కూడుతున్నకొద్దీ పెరుగుతుందే తప్ప కుదరదు. పదోసారి 8872688. రెండు చివరలా 88, నడుమ 2, ప్రాణం లేచివచ్చింది. తీరా చూస్తే ఒక పక్క 7, ఇంకో పక్క 6. ఇక బాపు రాడనే అనుకున్నాను. బలపం పారేసి నేల మీద పడి ఏడ్చాను.

పొద్దుగూకే వేళ మా బాపు తలకు కట్టుతో నడిచి వచ్చాడు. రాజి వాళ్ళ బాపును తెల్లగుడ్డ కప్పి మోసుకొచ్చారు. పిల్ల ఏడవలేదు. చెరపని పలక తెచ్చి నా ముందు పట్టింది.

"నాది వచ్చింది గదనే?"

నేను బాపు వెనక దాక్కున్నాను.

మొన్న కాగితం తీసుకొని ఆ 89ని చివరిదాకా కూడాను. ఇరవై నాలుగోసారికి 8813200023188 వచ్చింది. పదమూడంకెలు, ఎటు చదివినా ఒకటే. ఎంత అందంగా ఉందో, అంతగా ఒళ్ళు మండింది. క్వార్టర్లు కూలగొట్టారు, తంగేడు పొదలు గని తవ్విపోసిన మట్టిగుట్టల కింద పోయాయి, రాజిని తీసుకొని వాళ్ళవ్వ చెన్నూరు దిక్కు వెళ్ళిందన్నారు, ఎంతమందిని అడిగినా జాడ లేదు. దొరికితే ఒక్క మాట చెప్పాలి.

"నీ లెక్క తప్పు గాదే రాజీ, నేను చెప్పిందే అబద్దం."