గట్టు మీద జానెడు ఆకాశం

మొన్న ఆదివారం దేవరకొండ కాలేజీ నుంచి వచ్చిన మా మనవరాలు ఫోను నా ఒళ్లో పెట్టి, అందులోని వీడియోలో ఆకాశంలో ఈ చివర నుంచి ఆ చివరకు మెల్లగా గీత గీసుకుంటూ పోయిన ఒక వెలుగును చూపించింది. ఇది నేల మీదికి రాలే చుక్కల రకం కాదట. పైపైన గాలిని రాసుకుంటూ వచ్చి, మళ్లీ తన దారిన బయటికి వెళ్లిపోతుందట. "నువ్వు గప్పుడు సూసింది గిదేనేమో అవ్వా. ఏ దినం అది? నీకు యాదుంటది గదా," అంది.

తొలకరి ఎప్పుడు పడింది, పత్తి ఎన్నడు పెట్టాం, ఏ బర్రె ఏ అమావాస్యకు ఈనింది, అన్నీ నాకు తిథులతో సహా గుర్తుంటాయని ఊళ్లో పేరు. ఆ ఒక్క సాయంత్రాన్ని మాత్రం నేను కావాలనే ఏ లెక్కలోనూ ఉంచుకోలేదు.

రాష్ట్రం వచ్చిన కొత్తలో మాట. మా మర్రిగూడ దిక్కుకు నల్లా నీళ్లు ఇంకా రాలేదు. బోరునీళ్లలోని ఫ్లోరైడు ఏం చేస్తుందో ఇక్కడి నా ఈడువాళ్లకు చెప్పనక్కరలేదు. ముందు నడుము బిగుస్తుంది, తర్వాత మెడ. నేను తల ఎత్తలేను, వెల్లకిలా పడుకోలేను. వాకిట్లో మంచం మీద కూర్చుంటే నా చూపుకు అందేది పత్తిచేను గట్టు మీద జానెడు ఆకాశం.

పొద్దుగూకాక, అన్నాలు ఉడికేలోగా, ఆడవాళ్లమంతా ఆ వాకిట్లో చేరేవాళ్లం. మనవరాలు అప్పుడు చిన్నపిల్ల. చుక్క తెగి రాలినప్పుడల్లా నా చెయ్యి పట్టి గుంజి, సూసినవా అవ్వా అనేది. సూసిన బిడ్డా అనేదాన్ని. చూడలేదంటే ఎందుకు చూడలేదో చెప్పాలి, మెడ సంగతి పసిదాని ముందు నా నోటితో అనడానికి సిగ్గు.

ఒక సాయంత్రం మెడ లేచేవాళ్లంతా తలలెత్తి నడినెత్తిన చూస్తుండగా, నా జానెడు ఆకాశంలోకి తూర్పు నుంచి ఒక వెలుగు వచ్చింది. రాలలేదు. గట్టు మీది తుమ్మచెట్ల కొసలు తాకుతుందా అన్నట్టు, తొందర లేకుండా, పొడుగాటి తోక ఈడ్చుకుంటూ పడమరకు సాగిపోయింది. మెడ బిగిశాక మొదటిసారి నిజంగా చూశాను, చూశానని గట్టిగా చెప్పాను.

"మెడ లేవనోళ్లకే చుక్కలు బాగ కనవడ్తయి గదా అక్కా," అని మా తోటికోడలు నవ్వింది. అంటే నేను చూడకుండానే చూశానంటున్న సంగతి అందరికీ ముందే తెలుసు. పిల్ల నవ్వలేదు. నా మొహంలోకి వంగి చూసి, "మరి నిన్నటిది గూడ సూడలేదా అవ్వా?" అని మెల్లగా అడిగింది. నే సూసింది ఇమానం దీపం కావచ్చు బిడ్డా అనేసి, పొయ్యి దగ్గరికి వెళ్లిపోయాను. ఆ తర్వాత ఆ పిల్ల మళ్లీ నా చెయ్యి గుంజలేదు.

ఆ పిల్ల ఇన్నేళ్లూ మనసులో పెట్టుకుని మొన్న తేదీ అడిగితే, యాది లేదు బిడ్డా అన్నాను. ఈసారి చెప్పింది నిజమే. అయినా తల దించుకోవాలనిపించింది, దించడానికి ఇంకా ఏం మిగిలింది గనక.

ఇప్పుడు నల్లా నీళ్లు వచ్చాయి, వాడలో పిల్లల మెడలు నిటారుగా ఉన్నాయి. ఆనాడు ఆ వాకిట్లో నాలా వంగినవాళ్లు మరో నలుగురు ఉండేవారు. పిల్లలు పిలిచినప్పుడల్లా వాళ్లూ చూశామనే అనేవారు. ఆ సాయంత్రం వాళ్లలో ఎవరికైనా ఆ వెలుగు కనిపించిందా, నేను విమానమన్నానని ఊరుకున్నారా అని అడుగుదామంటే, ఇప్పుడు ఒక్కరూ లేరు.