విడిగా వేసిన పీట

జూన్‌లో పాపను బేబీ క్లాసులో చేర్చాను. జూలై మొదటి వారానికి రొంప పట్టింది. అది తగ్గిందనుకునేలోపు దగ్గు, దగ్గు సర్దుకుంటుండగా మళ్లీ ముక్కు కారడం. వినాయక చవితి వచ్చేసరికి బడికి వెళ్లిన రోజులకంటే ఇంట్లో ఉన్న రోజులే ఎక్కువ. అప్పటికి దానికి మూడేళ్లు నిండి రెండు నెలలు.

మా ఆవిడ తుని దగ్గర ఒక పల్లెలో ప్రభుత్వ బడి టీచరు. శనివారం సాయంత్రం రైల్లో వచ్చి సోమవారం తెల్లవారుజామున వెళ్లిపోయేది. మిగతా రోజులు రాజమండ్రిలో, మేడమీది రెండు గదుల వాటాలో నేనూ పాపా. సాయంత్రాలు పదో తరగతి పిల్లలకు లెక్కలు చెప్పేవాణ్ణి. పగలంతా ఖాళీ. మా తాతగారి రోజుల్లో ఊళ్లోవాళ్లు మా వీధి గుమ్మం ముందు చెప్పులు చేత పట్టుకుని నడిచేవారట. ఆ ఇల్లూ, పొలాలూ మా నాన్నగారి కాలంలోనే పోయాయి. ఇంటిపేరు ఒక్కటే నా దాకా వచ్చింది. దాన్ని మోసుకు తిరిగేవాడికి ఇరుగుపొరుగుతో మాటలు కలవవు.

పాప దగ్గు విని కింద వాటా ఆవిడ ఒకరోజు పైకి వచ్చింది.

"వాము వేయించి గుడ్డలో కట్టి వాసన చూపించండి బాబుగారూ. నేను చేసి పంపనా?"

"మా ఇంట్లో ఉందండి" అని తలుపు వేసుకున్నాను. లేదు. పాపను భుజాన వేసుకుని బజారుకు వెళ్లి కొనుక్కొచ్చాను.

డాక్టరుగారు ఛాతీ, వీపు పరీక్షించి, "కంగారేం లేదండి. ఇన్నాళ్లూ ఒక్కత్తే పెరిగింది, ఇప్పుడు నలుగురిలోకి వెళ్తోంది. మొదటి ఏడాది ఇలాగే ఉంటుంది. జ్వరం ఉంటే ఇంట్లో ఉంచండి, తగ్గాక పంపండి" అన్నారు.

అయితే నలుగురిలో కూర్చోకుండా చేస్తే సరిపోతుంది కదా అనుకున్నాను. చిన్నప్పుడు నాకు చదువు చెప్పే మాస్టారు మా ఇంటికే వచ్చేవారు. పాలేళ్ల పిల్లలు కూడా వచ్చి కింద నేలమీద కూర్చునేవారు. నాకు మాత్రం అరుగు మీద పీట, పక్కన నా మంచినీళ్ల గ్లాసు. ఆ ఎడం దేనికో అప్పుడు అడగలేదు. పెద్దయ్యాక తెలిసింది, కానీ శుభ్రం కోసమేనని నాకు నేను చెప్పుకున్నాను.

మా ఊరి ఇంటినుంచి మిగిలిన కాసిని సామాన్లలో ఆ పనసచెక్క పీట ఉంది. తుడిచి, బడికి తీసుకెళ్లాను. టీచరుగారు తమ ఇంటి ముందు హాల్లోనే బడి నడిపేవారు.

"అందరూ ఒకే చాప మీద కూర్చుంటున్నారండి. మా పాపకు ఈ పీట కిటికీ పక్కన విడిగా వెయ్యండి. మంచినీళ్లకు ఈ గ్లాసు."

ఆవిడ పీటనూ నన్నూ చూసి "అలాగేనండి" అన్నారు. ఆయా ఊరుకోలేదు.

"సింహాసనం ఏ మూలకి వెయ్యమంటారు బాబుగారూ? తూర్పుకా, పడమరకా?"

టీచరుగారు ఆమెను కసిరారు. నేను నవ్వలేదు.

పది రోజులు తిరక్కుండానే పీట మీద కూర్చున్న పిల్లకు కూడా రొంప వచ్చింది. తమలపాకుకు ఆముదం రాసి, వెచ్చచేసి, గుండెల మీద వేశాను. మందు పట్టించాను. పడుకోబెడితే దగ్గు ఎక్కువవుతోందని భుజాన వేసుకుని రెండు గదుల్లోనూ తిరిగాను. ఒక సంగతి ఇక్కడ చెప్పాలి. పాప ఒళ్లు వెచ్చగా తగిలిన ఉదయాల్లో నాకు భయమేసేది. ఆ భయం అడుగున, ఇవాళ ఇల్లు ఖాళీగా ఉండదు అన్న తృప్తి కూడా ఉండేది.

ఎస్టీడీ బూత్ నుంచి మా ఆవిడ ఉండే ఇంటివాళ్లకు ఫోన్ చేసి ఆమెను పిలిపించాను.

"బడి మానిపించేస్తాను. అక్షరాలు నేనే చెబుతాను."

"అక్షరాలు మీరు చెబుతారండి. ఆటలు ఎవరితో ఆడుతుంది? దానికి మీరు తోడా, మీకు అది తోడా?"

ఫోన్ పెట్టేశాను.

అయినా నా నిర్ణయం మారలేదు. పాపకు తగ్గి బడికి వెళ్లిన మూడోరోజు, ఆ మాట టీచరుగారితో చెప్పేసి వద్దామని పదకొండింటికి బయలుదేరాను. లోపల పిల్లలు రైలాట ఆడుతున్నారు. ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని హాలంతా తిరుగుతున్నారు. కిటికీ పక్కన పీట మీద మా పాప, రెండు చేతులతో గ్లాసు పట్టుకుని, వెన్ను నిటారుగా పెట్టి కూర్చుంది. రైలు దగ్గరికి వచ్చినప్పుడల్లా ఎవరూ తగలకుండా మోకాళ్లు పక్కకు తిప్పుకుంటోంది. చివర ఉన్న పిల్ల ఆగి "దా" అని చెయ్యి చాపింది.

"నేను రాకూడదు" అంది మా పాప. "నాన్న వద్దన్నారు."

ఏడుపు లేదు ఆ గొంతులో. అది అలవాటైపోయిన మాట.

లోపలికి వెళ్లి పాపను లేపి, పీట చేత్తో తీసుకున్నాను.

"ఏంటండీ, మానిపించేస్తున్నారా?" అంది ఆయా, ఈసారి ఎగతాళి లేకుండా.

"లేదు. పీట తీసుకెళ్తున్నాను." ఆయానే పాప చేతిలోంచి గ్లాసు తీసుకుని, పిల్లను రైలు చివర నిలబెట్టింది. పాప నా వంక చూసింది. తల ఊపాను. ముందున్న పిల్ల గౌను పట్టుకుంది. ఇక తిరిగి చూడలేదు.

మరుసటి వారం మళ్లీ రొంప, ఒకరోజు జ్వరం. తగ్గి, హుషారుగా లేచిన పొద్దున్న జేబురుమాలు గౌనుకు పిన్నీసుతో గుచ్చి పంపించేశాను. తిరిగి వచ్చి, వంటింట్లో నిలబడి మిరియాల కషాయం కాచుకున్నాను. దగ్గు ఈసారి నాకూ అంటుకుంది. దగ్గితే ఖాళీ గదిలో చప్పుడు పెద్దగా వినిపించింది. కింద వాటా ఆవిడకు వినబడుతుందని తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

సాయంత్రం ఫోన్లో మా ఆవిడ పాప సంగతి అడిగింది. బడికి వెళ్లిందని చెబుతుంటే దగ్గొచ్చింది.

"ఏంటండీ, మీకూ పట్టిందా?"

"లేదు, పొలమారింది" అన్నాను.