భీమన్న చెప్పించిన పేర్లు

మొన్న సాయంత్రం మా ఇంటి టీవీలో ‘పులి గాదు, బర్రె’ సినిమా అయిపోయింది. చివరి నవ్వు ఇంకా చెవిలో ఉండగానే తెర నల్లబడి, మరేదో సినిమా ప్రకటన దడదడా మోగింది. ఆ చప్పుడుకు నా ఒళ్లు మండింది. అక్కడ వినిపించాల్సింది భీమన్న గొంతు. దాన్ని కోసింది ఎవరో కాదు, నేనే.

భీమన్న గద్వాలలో చీరలు నేసేవాడు. నేను అక్కడే ఒక స్టూడియోలో పెళ్లి వీడియోలు ఎడిటింగ్ చేసేదాన్ని. ఆయన తమ్ముడి బిడ్డ పెళ్లి వీడియోలో భోజనాల పంక్తి మొత్తం తీసేసి, పెళ్లికూతురి నగలు నాలుగుసార్లు చూపించాను. మూడో రోజే డిస్కు పట్టుకుని ఊడిపడ్డాడు.

“బువ్వ తినేటోళ్లను ఎందుకు కోసినవ్ బిడ్డా?”

“తినేది ఎవరు చూస్తారు పెద్దనాయినా?”

“తిన్నోళ్లే సూస్తరు! పెండ్లి వీడియో పెడితే ఎవడైన మొదలు ఎతికేది తన మొకమే. అది ఇంట్ల పెట్టుకునేది, నీ షోకుకు గాదు.”

పంక్తి మొత్తం మళ్లీ చేర్పించేదాకా కుర్చీ వదల్లేదు. నాకు పని నేర్పినవాళ్లెవరూ అంత సూటిగా తిట్టలేదు. అప్పటినుంచి ఆయన్నే గురువు అనుకున్నాను.

తర్వాత ఆయనే సినిమా తీస్తానంటే అందరూ నవ్వారు. అమ్రాబాద్ అడవి నుంచి పులి వచ్చిందని ఊరంతా తలుపులు బిగించుకుంటే, తప్పిపోయిన బర్రె వీధుల్లో దర్జాగా తిరిగే కథ. నటులంతా నేతగాళ్లు, రైతులు, కూలీలు. సగం మందికి చదువు రాదు. అందుకే చివర పేర్లు రాయించలేదు. ఒక్కొక్కరినీ కెమెరా ముందు నిలబెట్టి పేరు, ఊరు, పని వాళ్ల నోటితోనే చెప్పించాడు. మొత్తం ఆరు నిమిషాలు. సినిమా ఎడిటింగ్ నాదే. కాస్త తగ్గిద్దామని గొణిగితే నన్ను మగ్గం దగ్గరికి తీసుకుపోయాడు.

“పట్టంచును నూలు చీరకు పోగు పోగు కలుపుతం. ఒక్క పోగు ఇడిస్తే ఆడ్నే అంచు ఊడిపోతది. నీకు తెల్వదా?”

గద్వాల హాల్లో రెండు రోజులు ఆడి సినిమా మూలన పడింది. జనం ఇళ్లలో చూసేలా విడుదల చేయించాలని భీమన్న కాళ్లరిగేలా తిరిగాడు. అది చూడకుండానే పోయిన ఏడాది కన్నుమూశాడు. ఈ ఏడు ఒక కంపెనీ ముందుకొచ్చింది. “ఇళ్లలో పేర్లు ఎవరు చూస్తారండీ? తీసేయండి, లేకపోతే మాకొద్దు” అన్నాడు మేనేజరు. ఎంత సులువుగా అన్నాడు! ఆ పేర్లవాళ్లే చూస్తారని భీమన్న నాకు ఏనాడో నేర్పాడు. అయినా విడుదలైతే చాలనుకుని కోసి పంపాను. భీమన్న ఉంటే నా మీద అరిచేవాడు. అరవడానికి లేకుండా పోయినందుకు ఆయన మీద కూడా కోపమే.

మొన్న టీవీలో ఆ ప్రకటన ఆగకముందే ఫోన్ మోగింది. వీపనగండ్ల నుంచి ఈరమ్మవ్వ. సినిమాలో ఆ బర్రె ఆమెదే.

“బిడ్డా, గల్లీ అంత మా ఇంట్లనే ఉంది. మనుమరాలి అత్తగారోళ్లు గూడ ఒచ్చిండ్రు. నేను పేరు చెప్పేది ఎప్పుడొస్తది?”

“రాదవ్వా. నేనే కోసేసిన.”

“గట్లనా... మరి వీళ్లు లేస్తలేరు. ఏం చెప్పాలె?”

మర్నాడు మొదటి బస్సుకు ఆ ఆరు నిమిషాలూ పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వీపనగండ్ల వెళ్లాను. అవ్వ తిట్టలేదు, పలకరించనూ లేదు. గల్లీవాళ్లు మళ్లీ వచ్చి కూర్చున్నారు.

“నేను ఈరమ్మ. మాది వీపనగండ్ల. కంది చేన్లకు కూలికి పోత.”

తెర మీద తనను చూసి అవ్వ కొంగు సర్దుకుంది. అందరి తర్వాత భీమన్న వచ్చి నిలబడ్డాడు.

“నేను భీమన్న. గద్వాల. చీరలు నేస్త.” వెళ్లబోతూ వెనక్కి తిరిగాడు. “అందరు అయిండ్రా? ఎవరన్న మిగిలిండ్రా?”

ఇప్పుడు ఏ వీడియో మీద కత్తెర పెట్టబోయినా ఆ మాటే వినిపిస్తుంది. కంపెనీ అమ్ముకుంటున్న సినిమాలో మాత్రం అందరూ బయటే మిగిలిపోయారు. నాకు ఆ కోపం చల్లారలేదు, చల్లారనివ్వను కూడా.