గల్లీలో అలాంటి పిల్లలు లేరన్నాను

ఒక చిన్న మాటను ఇరవై ఏళ్లకు పైగా మోస్తున్నాను. "లేరు" అన్నాను. అంతే. పత్రికలో పనిచేసినన్నాళ్లూ తప్పు దొర్లితే మర్నాడు సవరణ వేసేవాళ్లం. ఈ మాటకు మాత్రం సవరణ వేయలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పడం కాస్త సులువు.

సోలాపూర్‌లో కొంతం చౌక్‌కు దగ్గర్లోనే మా ఇల్లు. కింద సాంచాలు, అంటే మరమగ్గాలు. పైన మేం. అన్న చద్దర్లు నేసేవాడు. వదిన బీడీలు చుట్టేది. నేను ఒక తెలుగు దినపత్రికకు విలేకరిని. అన్నావదినల బిడ్డను ఇక్కడ రేణుక అంటాను. అసలు పేరు అది కాదు.

సాంచాలు నడిచే ఇంట్లో గొంతుతో పని తక్కువ. అరిచినా వినపడదు గనక అందరం చేతులతో మాట్లాడుకుంటాం. దారం తెగితే రెండు వేళ్లు విడదీసి చూపుతాం. చాయ్ కావాలంటే బొటనవేలు పెదవి దగ్గర పెడతాం. ఆ సైగల్లో రేణుక అందరికంటే చురుకు. నాలుగేళ్లు దాటినా మాటలు రాలేదు, అయినా ఎవరూ కంగారు పడలేదు. పిలిస్తే తిరిగి చూడదు, కానీ ఆ మోతలో ఎవరు మాత్రం చూస్తారు? చెవుడు మా ఇంట్లో అలా దాక్కుంది. వేరే ఇంట్లో అయితే ఏడాది తిరక్కుండానే బయటపడేది.

నాకు మాత్రం తెలిసింది. ఒక మధ్యాహ్నం కరెంటు పోయి సాంచాలు ఆగాయి. ఆ నిశ్శబ్దంలో రేణుకను వెనక నుంచి పేరు పెట్టి పిలిచాను. చప్పట్లు కొట్టాను. దేవుడి గంట తెచ్చి మోగించాను. ఆమె నూలు ముక్కలతో ఆడుకుంటూనే ఉంది. మళ్లీ కరెంటు పోయినప్పుడు ఇంకోసారి చూశాను. అదే.

అన్నకు చెప్పలేదు. వదిన ఒకసారి తనే అడిగింది, పిల్లకు మాటలెందుకు రావట్లేదని. కొందరికి ఆలస్యమవుతుందిలే అన్నాను. నేను చదువుకున్నవాణ్ని గదా, నమ్మింది.

ఎందుకలా అన్నాను? అప్పుడు భివండీ నుంచి నాకొక సంబంధం వస్తోంది. పెళ్లికూతురి తరఫువాళ్లు రేపోమాపో ఇల్లు చూడ్డానికి వస్తారు. చెవుడు ఈ ఇంటి రక్తంలోనే ఉందంటారేమోనని భయపడ్డాను. ఇంతకంటే పెద్ద కారణం దొరుకుతుందేమోనని ఏళ్ల తరబడి వెతికాను. దొరకలేదు.

ఆ రోజుల్లోనే, వినపడని పిల్లల కోసం నడిచే ఒక బడి టీచరమ్మ మా పేటలో ఇల్లిల్లూ తిరుగుతోంది. మరాఠీ ఆవిడ. గల్లీ మొదట్లో, చాయ్ బండి దగ్గర నన్ను ఆపింది.

"ఈ గల్లీలో చెవులు వినపడని పిల్లలు ఎవరైనా ఉన్నారా భావూ?" అని మరాఠీలో అడిగింది.

నేను నోరు తెరిచేలోగా చాయ్ బండి రాజన్న అందుకున్నాడు. "సరైన మనిషినే వట్టినవ్ బాయీ. ఈయన పేపరోడు. గల్లీల ఏ కుక్క ఎన్ని పిల్లల్ని పెట్టిందో గూడ జెప్తడు."

ఆవిడ నవ్వింది. "అయితే ఈయన్నే నమ్ముతాను. చిన్నప్పుడే మా దగ్గరికి వస్తే మంచిది భావూ. భాష నేర్చే వయసు దాటాక చాలా కష్టపడాలి."

"లేరు," అన్నాను. "మా గల్లీలో అలాంటి పిల్లలు లేరు."

ఆవిడ నాకు దండం పెట్టి, మా గల్లీలోకి రాకుండానే పక్క గల్లీకి వెళ్లిపోయింది.

సంబంధం కుదిరింది. పెళ్లయింది. అప్పుడైనా చెప్పొచ్చు కదా? చెబితే, ముందెందుకు చెప్పలేదన్న ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్నను తప్పించుకోవడానికే ఏళ్లు గడిపాను. ఈలోగా రేణుకను మామూలు బడి వాళ్లు రెండుసార్లు ఇంటికి పంపేశారు. తన మనసులో ఉన్నది మా నాలుగు సైగలకు అందక ఆమె గోడకు తల కొట్టుకునేది, తల్లి చేయి కొరికేది. మొండిఘటం అనేవాళ్లు. నేనూ అన్నాను.

చివరికి దారి దొరికింది వదినకే. చుట్టిన బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు వెళ్లినప్పుడు, పక్కన నిలబడ్డావిడ తన కొడుకు చదివే బడి గురించి చెప్పిందట. మర్నాడే వదిన పిల్లను సిటీ బస్సులో తీసుకెళ్లింది. అప్పటికి రేణుకకు పదేళ్లు.

ఆ బడికి నేనూ చాలాసార్లు వెళ్లాను. పిల్లలు అర్ధచంద్రంలా కూర్చుంటారు, అందరికీ అందరి ముఖాలూ కనపడాలని. గంట బదులు బల్బు ఆరి వెలుగుతుంది. తలుపుకు, కుండకు, అద్దానికి పేర్లు అతికించి ఉంటాయి. ప్రతి వస్తువుకూ పేరుంటుందని తెలిసిన వారం రేణుక మా ఇంట్లో ఒక్కో వస్తువునూ పట్టుకుని, ఇది ఏమిటి, ఇది ఏమిటి అని అందరినీ లాగింది. కొరకడం దానంతటదే ఆగిపోయింది. తల్లులకు శనివారాలు సైగల క్లాసు పెట్టేవారు. వదిన ఒక్కటీ మానలేదు. తోటివాళ్లకంటే చాలా ఆలస్యంగా రేణుక పది పాసైంది. ఇప్పుడు అదే బడిలో చిన్నపిల్లలకు చెబుతోంది. కథలు బాగా చెబుతుంది, చేతులతో. పొడుగు వాక్యం రాయమంటే మాత్రం ఈ రోజుకీ తడబడుతుంది. ఆ తడబాటు నాది.

అక్కడితో ఆగితే ఎలాగో ఉండేది. రేణుక పది పాసైనప్పుడు ఆ బడి మీద నేనే వ్యాసం రాశాను. "తల్లికి అవగాహన లేకపోవడంతో విలువైన బాల్యం వృథా అయింది" అని అందులో ఒక వాక్యం. నా చేత్తో, మా వదిన గురించి. ఎవరో చదివి వినిపిస్తే, నిజమే గదా అందట.

అప్పటినుంచి ఏటా ఆ బడిలో కొత్తగా చేరిన పిల్లల తల్లుల మీటింగులో వదిన లేచి నిలబడుతుంది. మొన్నటేడు నేను వెనక కుర్చీలో ఉన్నాను. "నా లెక్క జెయ్యకుండ్రి అమ్మా. నాకు తెల్వక పిల్లను ఆగం జేసిన," అంది. ఎవరో చిన్న వయసు తల్లి కళ్లు తుడుచుకుంది. నేను లేచి బయటికొచ్చాను.

పోయిన వారం వదినకు చెప్పాను. గంట, చాయ్ బండి, భివండీ, అన్నీ. చేతిలోని ఆకు చుట్టడం పూర్తిచేసి పక్కన పెట్టింది. తర్వాత అడిగింది.

"మరి ఇన్నేండ్ల సంది ఆ తల్లుల ముందట నేను జెప్పింది ఏంది?"

తనే ఇంకో ఆకు చేతిలోకి తీసుకుంది.

"ఈసారి నువ్వు జెప్పు," అంది. అంతే. ఆ రోజు నుంచి నాతో మాట్లాడలేదు.

మీటింగు ఈ శనివారం. నేను చెబుతుంటే టీచరు పక్కన నిలబడి చేతులతో చెబుతుంది. రేణుక ముందు వరసలో ఉంటుంది. ఆమెకు ఇంకా ఏమీ తెలియదు. సగంలో లేచిపోతుందేమో. పోవచ్చు, ఆమె ఇష్టం. క్షమించమని అడగను. అడిగితే ఆ భారం కూడా ఆమె మీదే పెట్టినట్టవుతుంది.

ముందుగా మీకు చెప్పాను, గొంతు పెగులుతుందో లేదో చూసుకోవడానికి. పెగిలింది. రేణుక బాల్యాన్ని ఆలస్యం చేసింది ఆమె తల్లి కాదు. నేను.