నా భుజం మీది సంచి

మా స్కూలు మిషన్ వాళ్లది. క్రిస్మస్‌కి పది రోజులు సెలవులిస్తారు. నవంబరు చివరి వారం వచ్చిందంటే స్టాఫ్ రూములో ఎవరు ఎక్కడికి వెళ్తున్నారన్న మాట తప్ప ఇంకో మాట వినపడదు. పోయిన ఏడాది అందరికీ ఒక్కసారే సాహసాల మీదికి మనసు పోయింది. ఇంగ్లీషు టీచరు మనాలి మంచులో జారడానికి ప్యాకేజీ తీసుకుంది. లెక్కల మాస్టారు గోవాలో సముద్రం అడుగుకి దిగుతానన్నారు. ఆయనకి ఈత రాదు. ఆ సంగతి నేను గుర్తు చేస్తే, "రాకపోయినా పర్లేదంట మేడం, ఒకాయన వెనక నుంచి మనల్ని పట్టుకునే ఉంటాడంట," అన్నారు. ఒకరు పట్టుకుని దించి, పట్టుకుని పైకి తెస్తే ఇక అందులో మీ సాహసం ఏముందని అందరి ముందే అడిగేశాను. నా నోరు అలాంటిది.

"మరి మీరెక్కడికి?" అని ఆయన ఎదురు అడిగారు.

"కొత్తపట్నం నుంచి దుగరాజపట్నం దాకా సముద్రం ఒడ్డునే నడిచి వెళ్తాం. నేనూ మా ఆయనా," అన్నాను. ఆ నిమిషం దాకా నాకు అలాంటి ఆలోచన లేదు. లెక్కల మాస్టారు నోరు మూయించడానికి అన్నానని ఒప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. కానీ అన్నాక, చేయాల్సిన పని ఇదేననిపించింది.

మా ఆయన నాకు మేనమామ కొడుకు. చిన్నప్పటి నుంచి బావా అనే పిలుస్తాను. నెల్లూరు జిల్లా కోట దగ్గరి ఊళ్లో మాకు వరి పొలం ఉంది. అంతకుముందు ఏడాది ఎండాకాలంలో ఆయనకి గుండె నొప్పి వచ్చి నెల్లూరు తీసుకెళ్తే స్టెంటు వేశారు. మూడు నెలల తర్వాత డాక్టరు గారు చూసి, ఇక మీరు మామూలు మనిషే, నడవండి, పనులు చేసుకోండి అని చెప్పారు. బావ బుద్ధిగా తలూపాడు. ఇంటికొచ్చి వరండాలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పొలం తమ్ముడికి అప్పజెప్పాడు. నారు పీకేటప్పుడు గట్టు మీదికి కూడా పోలేదు. రెండు చేతులా నారుకట్టలు పట్టుకుని బురదలో పరిగెత్తిన మనిషి బకెట్టు నీళ్లు ఎత్తడం మానేశాడు.

మొదట్లో నాకు కోపం వచ్చేది. తర్వాత భయం పట్టుకుంది. ఆ గుండె ఆగిపోతుందని కాదు, ఈ మనిషి యాభై నాలుగేళ్లకే ఆ కుర్చీలో ముసలివాడైపోతాడని. ఆయన్ని ఆ కుర్చీలోంచి లేపాలి. మంచు చూపిస్తే లేస్తాడని నాకు నమ్మకం లేదు. తెలిసిన నేల మీద, సొంత కాళ్ల మీద నడిస్తేనే లేస్తాడు.

ఆ సాయంత్రమే చెప్పాను.

"దుగరాజపట్నం పోతుండాం బావా. ఒడ్డెమ్మట నడిచి."

"బస్సుండాది గదా."

"బస్సులో పోయేదానికి సెలవులెందుకు?"

"దోవలో ఏమన్నా అయితే?" అన్నాడు.

"నేనుండాను గదా," అన్నాను. ఆ మాట ఆ ఏడాదంతా రోజుకి పది సార్లు అని ఉంటాను.

నెల్లూరు వెళ్లి డాక్టరు గారిని అడిగాను. పొద్దున కొంత, సాయంత్రం కొంత నడిస్తే ఏమీ కాదన్నారు. వచ్చేటప్పుడు, "ఆయన్ని భయపెట్టకండమ్మా," అన్నారు. ఆ మాట వేరే వాళ్లకి చెప్పాల్సిందనుకుని తిరిగి వచ్చేశాను.

తుపాను హెచ్చరికలన్నీ దాటిపోయి వారం రోజులు ఎండ కాశాక బయల్దేరాం. సంచి నేనే సర్దాను. పూట పూటకీ వేరు చేసిన మాత్రలు, నాలుక కింద పెట్టుకునే మాత్ర, బీపీ మిషను, ఆస్పత్రి ఫైలు, మంచినీళ్లు, బట్టలు అన్నీ అందులోనే. దాన్ని నా భుజానికే తగిలించుకున్నాను. బావ చేతికి గొడుగు కూడా ఇవ్వలేదు. సర్పంచి ఊరు చూడటానికి వచ్చినట్టు చేతులూపుకుంటూ నడిచాడు.

మొదటి రోజు పొడి ఇసుకలో నడిచి ఇద్దరికీ పిక్కలు పట్టేశాయి. రెండో పూటకి తెలివొచ్చింది. అల వచ్చి వెనక్కి పోయిన తడి అంచు మీద నడిస్తే కాలు దిగదు. ఒక పక్క సరుగుడు తోపులు, వాటి వెనక రొయ్యల గుంటల మోటార్ల చప్పుడు, ఇంకో పక్క సముద్రం. మా ముందు ఎర్రటి ఎండ్రకాయలు వందల కొద్దీ పరిగెత్తి బొరియల్లోకి దూరేవి. బావ అప్పుడప్పుడూ ఆగి గుండె మీద చెయ్యి పెట్టుకునేవాడు. నేను మణికట్టు పట్టుకుని లెక్కపెట్టేదాన్ని. అంతా బాగానే ఉండేది.

ఒడ్డున ఉన్న ప్రతి పాలెంలోనూ నా దగ్గర చదివిన పిల్లలున్నారు. రాత్రిళ్లు వాళ్ల ఇళ్లలో పడుకున్నాం. మొదటి ఇంట్లో ఎండుచేప పులుసు పెట్టబోతే, "ఆయన ఉప్పు తినకూడదమ్మా," అని బావ పళ్లెం నేనే వెనక్కి జరిపాను. రెండో రోజు సాయంత్రం వల బాగుచేసుకుంటున్న వాళ్ల దగ్గర బావ కూర్చున్నాడు. ఆ ఏడు నాట్లెట్టా పడ్డాయన్నా అని వాళ్లు అడిగినట్టున్నారు. నారు ముదిరితే ఏమవుతుందో, వానకి గట్టులో ఎక్కడ మడవ తీసి నీళ్లు వదలాలో చెయ్యి తిప్పుతూ చెప్తున్నాడు. ఆ గొంతు విని ఎన్నాళ్లయిందో. సంతోషంగానే దగ్గరికి వెళ్లాను. వెళ్లి, "బావా, మాత్ర టైమయింది," అన్నాను. చెయ్యి ఒళ్లో పెట్టుకుని మాట ఆపేశాడు. సరైన టైముకి గుర్తు చేశానని అప్పుడు నన్ను నేనే మెచ్చుకున్నాను.

మూడో రోజు పొద్దున స్వర్ణముఖి సముద్రంలో కలిసే చోటికి వచ్చాం. ఆ చోటుని మొగ అంటారు. వానలు బాగా పడ్డాయి కాబట్టి ఏటి నిండా నీళ్లున్నాయి. ఒడ్డున ఒక ముసలమ్మ చేపల గంప పక్కన పెట్టుకుని కూర్చుని ఉంది. అవతలి పాలెంలో ఉన్న కూతురింటికి పోతోందట.

"కూచోండమ్మా. నీళ్లు ఇంకా సముద్రంలోకి లాగతా ఉండాయి. నిలబడినాక పోదాం," అంది.

"ఎంతసేపు పడుతుందవ్వా?"

"నిలబడిందాకా."

అలాంటి జవాబులంటే నాకు పడదు. లేచి చూశాను. సముద్రం వైపు నీళ్లు అంత దూరం పరుచుకుని, పైన చిన్న అలలు విరుగుతున్నాయి. కొంచెం ఎగువన రెండు ఇసుక దిబ్బల మధ్య ఏరు మా ఊరి పెద్ద కాలువంత వెడల్పే ఉంది. నేను కాలువ పక్కన పుట్టినదాన్ని. గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని కాలువలు దాటినదాన్ని. కాలువ ఎక్కడ సన్నగా ఉంటే అక్కడ దాటాలని మా ఊళ్లో ఎవరూ ఎవరికీ నేర్పరు.

"అక్కడ సన్నంగా ఉంది గదా, అక్కడ దాటదాం," అన్నాను.

"సన్నంగా ఉండేకాడే లోతు బిడ్డా. ఎడల్పుండేకాడ మోకాలి బంటి."

నేను నవ్వాను. సైన్సు టీచరుని. గొట్టం ఇరుకైతే నీటి వేగం పెరుగుతుందని ఇరవై ఏళ్లుగా బోర్డు మీద బొమ్మ వేసి మరీ చెప్తున్నాను. అది ఆ నిమిషాన గుర్తుకు రాలేదు. "నువ్వు ఈడే కూర్చో బావా, లోతు చూసొస్తా," అని దిగాను. సంచి తీసి పెట్టలేదు. అందులో బావ ప్రాణం ఉందనుకున్నాను మరి.

నాలుగో అడుగుకి నీళ్లు తొడల దాకా వచ్చాయి. ఐదో అడుగుకి కాలి కింద నేల లేదు. నాకు ఈత వచ్చు, కానీ ఆ నీళ్లు ఈదనివ్వలేదు. పక్కకి తోసుకుంటూ లాక్కుపోయాయి. ఒకసారి మునిగి లేచేసరికి సంచి పట్టీ భుజం మీద లేదు. చెయ్యి చాచాను, అందలేదు. ఎలా కొట్టుకున్నానో తెలియదు, దిగువన ఇవతలి దిబ్బకే నా కాలు తగిలింది. ఎవరో జబ్బ పట్టుకుని బయటికి లాగారు. ముసలమ్మ అనుకున్నాను. కళ్లలో ఉప్పునీళ్లు తుడుచుకుని చూస్తే బావ. అంత దూరం ఇసుకలో పరిగెత్తుకుంటూ వచ్చి నడుము లోతు నీళ్లలో నిలబడి ఉన్నాడు.

ఆయన పరిగెత్తాడన్న సంగతి అప్పుడు నా బుర్రకి ఎక్కలేదు. సంచి అలల మధ్య ఒకసారి తేలి, తర్వాత కనపడకుండా పోయింది. నేను ఇసుకలో కూలబడి ఏడ్చాను. పెద్దగా ఏడవడం నాకు అలవాటు లేదు, అయినా ఏడ్చాను.

"నీ మందులన్నీ పోయినాయి బావా. నీకేమన్నా అయితే ఈడ ఏం చెయ్యాల?"

బావ ఆయాసం తీర్చుకున్నాడు. చొక్కా జేబు గుండీ తీసి, మడతలు పెట్టిన ప్లాస్టిక్ కవరు తీశాడు. అందులో అవే మాత్రలు, వరసకి ఒకటి చొప్పున. నాలుక కింద మాత్ర కూడా ఉంది. ఒక్కటీ తడవలేదు.

"ఇవి యాడివి?"

"మెడికల్ షాపుకి పోయి తెచ్చుకున్నా. నడిచే పోయినా."

"ఎప్పుడు?"

"నువ్వు స్కూలుకి పోయినప్పుడు."

"నాకెందుకు చెప్పలా?"

ఆయన కవరు మళ్లీ మడత పెట్టి జేబులో పెట్టుకున్నాడు. గుండీ పెట్టుకున్నాక అన్నాడు. "చెప్తే అవి కూడా తీసుకోని సంచిలో ఏసుకుంటావు."

నిష్ఠూరంగా అనలేదు. ఉన్న మాట ఉన్నట్టు చెప్పాడు. ఆ కుర్చీ ఆయన వేసుకున్నాడనే ఏడాదిన్నరగా అనుకున్నాను. ఆయన లేవబోయిన ప్రతిసారీ నేనుండాను గదా అంటూ భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది నేనే. డాక్టరు గారు భయపెట్టవద్దన్నది నన్నే. చాలా సిగ్గుగా అనిపించింది.

నీళ్లు నిలబడేదాకా ముగ్గురం కూర్చున్నాం. నా బట్టలు ఒంటి మీదే సగం ఆరాయి. ముసలమ్మ నన్ను తిడుతూనే తన సీసాలోంచి నీళ్లిచ్చింది. చాలాసేపటికి, నీళ్ల మీద కొట్టుకుపోతున్న నురగ ఎటూ కదలకుండా ఒకచోట ఆగింది. "లెయ్యండి," అంది ముసలమ్మ.

ఆమె గంప ఎత్తుకోబోతుంటే బావ ముందుకొచ్చాడు. "ఇటియ్యమ్మా," అని చేపల గంప తన నెత్తిన పెట్టుకున్నాడు. వద్దు బావా అనడానికి నోరు తెరిచాను. తెరిచి, మూసుకున్నాను. వెడల్పున్న చోటే దాటాం. ముందు ముసలమ్మ, వెనక గంపతో బావ, చివరన వట్టి చేతులతో నేను. నీళ్లు మోకాలు దాటలేదు.

అవతలి ఒడ్డున ముసలమ్మ కూతురింట్లో నాకు పొడి చీర ఇచ్చారు. మధ్యాహ్నం ఎండుచేప పులుసు వచ్చింది. బావ దాన్ని చూసి, "నాకొద్దమ్మా, ఉప్పు పడదు," అని తనే చెప్పుకున్నాడు. తిన్నాక జేబులోంచి కవరు తీసి మాత్ర వేసుకున్నాడు. నేను టైము చూడలేదు. నాలుగో రోజు దుగరాజపట్నం చేరేదాకా మణికట్టు పట్టుకోలేదు.

జనవరిలో మా పొలంలో ఎరువు చల్లడానికి బావే వెళ్లాడు. వరండాలో కుర్చీని పిల్లి వాడుకుంటోంది.

సెలవులయ్యాక స్టాఫ్ రూములో లెక్కల మాస్టారు తన గోవా వీడియో చూపించారు. నీళ్ల అడుగున, కళ్లద్దాల వెనక ఆయన కళ్లు ఇంతింతై ఉన్నాయి. ఒకతను వెనక నుంచి గట్టిగా పట్టుకుని ఉన్నాడు. నేనేదో అంటానని అందరూ నా వైపు చూస్తున్నారు.

"ఇదిగో, ఇక్కడ చూడండి మేడం," అన్నారాయన. "ఇక్కడ ఒక్క క్షణం చెయ్యి వదిలేశాడు."

ఆ ఒక్క క్షణం మళ్లీ చూపించమని అడిగాను.