శ్రావణి అడిగిన సందేహం

2022. నందిగామలో ఒక ప్రైవేటు కాలేజీలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చెబుతున్నాను. మా దగ్గర పాఠమంటే నోట్సు రాయించడమే. నా చదువు రోజుల్లో మా సారు రాయించిందే నేనూ రాయించేవాణ్ణి, కామా కూడా మార్చకుండా.

ఆ రోజు పాఠం రీకాయిల్. కేంద్రకం గామా కిరణాన్ని వదిలినప్పుడు, తుపాకీ పేల్చినవాడి భుజానికి తగిలినట్టు, దానికీ వెనక్కి ఒక తన్ను తగులుతుంది. స్ఫటికంలో పరమాణువులు ఒకదాన్నొకటి పట్టుకుని ఎప్పుడూ కంపిస్తూనే ఉంటాయి. ఆ కంపనాల శక్తి ఫోనాన్లు అనే చిన్న మోతాదుల్లోనే పెరుగుతుంది, తరుగుతుంది. ఒక్కోసారి ఒక్క ఫోనాన్ కూడా పుట్టదు. అప్పుడు ఆ తన్నును స్ఫటికం మొత్తం కలిసి భరిస్తుంది, అంత బరువు మీద అది దాదాపు లేనట్టే. నా నోట్సులో మాత్రం, చల్లబరిస్తే కంపనాలు పూర్తిగా ఆగిపోతాయి, అందుకే రీకాయిల్ ఉండదు అని ఉంది.

చిల్లకల్లు నుంచి బస్సులో వచ్చే శ్రావణి లేచింది. "సున్నా కెల్విన్ దగ్గర, ఇంకంతకంటే చల్లబడదన్న చోట కూడా కంపనం కొంచెం మిగులుద్ది కదండీ. మరి పూర్తిగా ఆగడమేంటి సార్?"

నాకు తెలియదు. ముప్ఫై మంది ముందు ఆ మాట అనడానికి నోరు రాలేదు. "పరీక్షలో ఇలాగే రాయమ్మా, మార్కులెక్కడికీ పోవు" అన్నాను. క్లాసు నవ్వింది. ఆమె కూర్చుంది.

మరుసటి వేసవిలో ఒక పరిశోధన సంస్థ ఆమెను పీహెచ్‌డీ ఇంటర్వ్యూకి పిలిచింది. మా కాలేజీ నుంచి అంతదాకా వెళ్ళింది ఆమె ఒక్కతే. తిరిగొచ్చాక నేరుగా స్టాఫ్ రూముకి వచ్చింది.

"రీకాయిలే అడిగారండి. కంపనాలు ఆగిపోతాయని చెప్పా. నిజంగానా అన్నారు. నాకూ అనుమానమే. కానీ మీరు చెప్పారు కదాని దానిమీదే నిలబడ్డా. ఇంక వేరే ప్రశ్న వెయ్యలేదండి. సీటు రాలేదు."

బీరువాలోంచి పుస్తకం తీసి చూశాను. "నువ్వనుకున్నదే రైటమ్మా. తప్పు నాది."

"మీకప్పుడు తెలుసా సార్?"

"తెలీదు."

"ఆ మాటే అనుంటే నేనే పుస్తకాలు వెతుక్కునేదాన్ని కదండీ."

గొంతులో కోపం లేదు. నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది. తప్పు నాదని ఆ సంస్థకు ఉత్తరం రాశాను. జవాబు రాలేదు. మళ్ళీ ప్రయత్నించమని ఎన్నిసార్లు బతిమాలినా ఒకటే మాట: "నాకు తెలిసిందేదీ నిజమనిపించట్లేదండి."

ఇప్పుడు జగ్గయ్యపేటలో ఒక బట్టల షాపులో బిల్లింగ్ చూస్తోంది. నేను నోట్సు దిద్దాను. ఈ ఏడాది క్లాసులో ఎందుకు దిద్దానో కూడా చెప్పాను. అందరూ పాత వాక్యం కొట్టేసి కొత్తది రాసుకున్నారు. ఎవరూ ఏమీ అడగలేదు.

తెలియనిదాన్ని తెలియదనడం ఇన్నేళ్ళకు నేర్చుకున్నాను. అందుకు శ్రావణి చదువు ఖర్చయిపోయింది.